వదులు చొక్కా

చెన్నకేశవులు గారిని లావెక్కించింది నేనే. ఆ రోజుల్లో మాచర్లలో ఎవరిని అడిగినా మరబియ్యం అనేవారు, జట్కాబండి అనేవారు, పంచదార కాఫీ అనేవారు. అవన్నీ నిజమే. కాని అవి ఆయన ఇంట్లో అంతకు ముందు నుంచే ఉన్నాయి. నలభై అయిదు వేసవిలో వాటికి పగ్గాలు విప్పింది మాత్రం దర్జీ జాన్ సాహెబు కూతురు ఈ సాబిరా. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

మా అబ్బకు చదువు రాదు. టేపు మీద అంకెలు తెలియవు. బట్టలు కుట్టించుకునే ప్రతి మనిషికీ మా ఇంట్లో ఒక కాగితం పట్టీ ఉండేది. ఆ పట్టీని మనిషి చుట్టూ తిప్పి, ఛాతీ ఎంతో అక్కడొక గాటు, నడుం ఎంతో అక్కడ రెండు గాట్లు, మెడకు మూడు గాట్లు కత్తెరతో పెట్టేవాడు. ఎవరిదో తెలియడానికి పై కొసన ఆ మనిషి చొక్కా గుడ్డ పేలిక ఒకటి కట్టి మేకుకు తగిలించేవాడు. ఏటా ఉగాదికి పాత పట్టీలు పొయ్యిలో వేసి కొత్తవి తీసేవాడు.

చెన్నకేశవులు గారి పట్టీ ఒక్కటే పొయ్యిలోకి పోలేదు. ఆయన తమ్ముడు ఒక ఉగాదికి కొత్త కొలత ఇచ్చి, ఆ నెలలోనే దగ్గు పట్టి, శ్రావణం నాటికి క్షయతో చిక్కి శల్యమై పోయాడు. "శవాన్ని కొలిచినట్టు కొలిచాడమ్మా నా బిడ్డని" అని వాళ్ళమ్మ ఏడ్చింది. అప్పటి నుంచి చెన్నకేశవులు గారు ఒంటి మీద పట్టీ పడనివ్వలేదు. ఆయన పెళ్ళినాటి పట్టీతోనే ఎనిమిదేళ్ళుగా బట్టలన్నీ కుట్టించుకుంటున్నాడు. జుబ్బాలు, చొక్కాలు వదులుగా కుట్టేవే కనుక ఇన్నాళ్ళూ సరిపోయాయి.

మాఘమాసంలో ఆయన నల్ల ఉన్ని గుడ్డ నాలుగు గజాలు పట్టుకొచ్చాడు. కంట్రోలు రోజులు. గజం మల్లు గుడ్డ కోసం జనం పొద్దున్నుంచి బారు తీరి నిలబడేవారు. అలాంటప్పుడు ఆ ఉన్ని గుడ్డ ఎలా సంపాదించాడో ఆయనకే తెలియాలి. యుద్ధ నిధి సభకు వచ్చే దొర ముందు కోటు వేసుకుని నిలబడాలని ఆయన ముచ్చట.

"అయ్యా, కోటు ఒంటికి పట్టుండాలి. ఒక్కసారి కొలత తీసుకోనీండి" అని అబ్బ చేతులు కట్టుకుని అడిగాడు.

"పట్టీ ఉందిగా! దాని ప్రకారం కుట్టు. నేనేమన్నా పెరిగే పిల్లోణ్ణా?" అన్నాడాయన.

అబ్బ చూపుతోనే పోల్చుకున్నాడు, ఆ మనిషి ఆ పట్టీలో పట్టడని. కాని చెప్పినట్టు కుట్టకపోతే ఒక తంటా. అందుకని కోటు పట్టీ ప్రకారమే కుట్టి, మిగిలిన గుడ్డనంతా రెండు పక్కలా, వీపు మధ్యన, కుట్టు లోపలికి మడిచి దాచాడు. బిగుతైతే గంటలో విప్పి వదులు చెయ్యొచ్చని. అస్తరు కింద ఆ మడతలకు టాకాలు వేసింది నేనే. మూడు వేళ్ళ వెడల్పున ఉన్నాయి.

సభనాడు పొద్దున, తన బియ్యం మర అరుగు మీద, ఊరి పెద్దలందరి ముందు ఆయన కోటు తొడిగాడు. గుండీ కాజాకు అందలేదు.

"గుడ్డ మింగాడు నా కొడుకు!"

"లోపల ఉందయ్యా! విప్పి చూడండి, లోపలే ఉంది" అన్నాడు అబ్బ.

"విప్పనిస్తే మిగిలింది గూడా మింగుతావురా?"

చెంప మీద కొట్టాడు. అక్కడితో ఆగినా మరిచిపోయేదాన్నేమో. కోటు అబ్బ చేతులకిచ్చి, రెండు చేతులూ పైకెత్తి, దొంగ సొత్తు నలుగురికీ కనపడేలా అరుగు మీద నిలబడమన్నాడు. దొర వచ్చాడు, సభ జరిగింది, దొర వెళ్ళాడు, మర ఆగింది. అప్పటిదాకా మా అబ్బ అలాగే ఉన్నాడు. పెద్దలు కూర్చుని, ఏడాది పాటు చెన్నకేశవులు గారి ఇంటిల్లిపాదికీ ఊరికే కుట్టిపెట్టాలని తీర్పు చెప్పారు. కోటును ఆయన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ఆ రోజుతో అబ్బ భుజాలు పోయాయి. చేతులు గుండెల దాకా లేచేవి, ఆపైకి లేచేవి కావు. నెల తిరిగేసరికి నొప్పి తగ్గినా మిషను దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్ళ కాళ్ళు చూసేవాడు. అమ్మ పోయిన ఇల్లు, ఉన్నది మేమిద్దరం. మిషను నేను తొక్కాను.

చాకలి పుల్లమ్మ వారం వారం చెన్నకేశవులు గారి ఉతికిన బట్టలు ముందు మా ఇంటికి తెచ్చేది. ఊడిన గుండీలు, విడిన కుట్లు చూసి నేను పంపాలి. మొదటి వారమే ఒక చొక్కాలో పొట్ట దగ్గర గుండీ దారం లాగినట్టు సాగి ఉంది. చంకల కింద కుట్టు పళ్ళికిలించింది. ఇంకో రెండు వారాలకు గుండీ తెగి పడుతుంది. అప్పుడాయనకు తెలుస్తుంది, తాను లావయ్యాడని. అప్పుడు కోటు సంగతీ తట్టొచ్చు. లేదా, 'చొక్కా గుడ్డ కూడా మింగారు' అని నన్నూ అరుగెక్కిస్తాడు. రెండోదే జరిగేలా ఉంది.

అందుకని గుండీలు కోసి, గింజెడు పక్కకు జరిపి కుట్టాను. పక్క కుట్లు విప్పి వెడల్పు చేశాను. భయంతో చేసిన పని అది. పగ దానంతటదే వచ్చింది, మర్నాడు పుల్లమ్మ చెప్పిన మాటతో.

"ఏమే సాబిరా, ఏం జేశావే? అయ్యగారు చొక్కా ఏసుకుని, ఒదులైందేందని తెల్లబోయాడంట. చిక్కిపోయానా అని అద్దంలో నాలిక జూసుకున్నాడంట!"

నవ్వాను. నెల రోజుల తర్వాత అదే మొదటి నవ్వు. బిగుతు చొక్కా ఆ మనిషికి కోపం తెప్పిస్తుంది. వదులు చొక్కా భయం తెప్పిస్తుంది. తమ్ముడు చిక్కిపోయి చచ్చిన ఇల్లది. ఆ ఇంట్లో లావెక్కడమంటే ఆరోగ్యం, చిక్కడమంటే చావు.

మరుసటి వారం రెండు గింజలు జరిపాను.

ఆ తర్వాత పుల్లమ్మ చేత పంపకుండా బట్టలు నేనే తీసుకెళ్ళేదాన్ని, చూడాలని. వాళ్ళావిడ కొండమ్మ గారు మంచి మనిషి. నన్ను వంటింటి వసారాలో కూర్చోబెట్టి మాట్లాడేది. మర పెట్టకముందు ఆ ఇంట్లో పొద్దున జొన్న సంగటి, గోంగూర. ఆయన తెల్లారకముందే కర్ర పట్టుకుని రెండు మైళ్ళు నడిచి చేలకు పోయేవాడు. మర వచ్చాక పాలేళ్ళే పోతున్నారు. ఆయనకు మర అరుగు మీద పడక్కుర్చీ, ఇంటి నుంచి అరుగుకు కూడా జట్కా. పూటకు రెండుసార్లు వడ్డించుకునే మల్లెపూవు లాంటి తెల్లటి అన్నం, భోంచేశాక కాళ్ళు చాపి సాయంత్రం దాకా నిద్ర, లేవగానే కాఫీ, కాఫీతో పకోడీ. నేను చేసిందల్లా ఒకటే మాట అనడం.

"అయ్యగారు చిక్కినట్టున్నారమ్మగారూ. చొక్కా చూస్తే తెలుస్తా ఉంది."

కొండమ్మ గారి మొహం పాలిపోయింది. "నిజమేనంటావా? నేను ఒట్టినే అనుకుంటున్నానేమోనని ఎవురికీ జెప్పలా."

ఆ వారం నుంచి మినుములు వేగిన వాసన వీధి మలుపు దాకా వచ్చేది. పొద్దున రెండు సున్నుండలు, నెయ్యి కారేటివి. రాత్రికి మీగడతో పాలు, అందులో పర్మిట్ పంచదార మూడు చెంచాలు. ఆదివారం ఆదివారం మాంసం, నడుమ కోడిగుడ్లు. "నడిస్తే ఒళ్ళు కరుగుద్ది" అని గుడికి వెళ్ళడం కూడా మాన్పించింది. ఒకరోజు ఆయన వరండాలో సున్నుండ చేత్తో పట్టుకుని, "ఇంక మింగుడు పడదే" అంటే ఆవిడ బతిమాలి తినిపించింది. ఆయన తింటూ చొక్కా ముందు భాగం రెండు వేళ్ళతో పట్టి లాగి చూసుకున్నాడు. గుడ్డ వదులుగా లేచింది. ఆయన కళ్ళలో బెదురు కనపడింది. గబగబా ఇంకో ఉండ అందుకున్నాడు.

ఆ బెదురు చూడటానికే నేను వెళ్ళేదాన్ని. ఇంటికొచ్చి రెట్టింపు ఉషారుగా మిషను తొక్కేదాన్ని.

చైత్రం నడుస్తుండగా అబ్బ ఒకరోజు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఒళ్ళో ఉన్న చొక్కా తీసుకుని గుండీ పట్టీని వెలుతురుకు ఎత్తి చూశాడు. గుండీలు ముందున్న చోట్లల్లా సూది చేసిన చిల్లులు, ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి.

"ఎన్నిసార్లు జరిపావే?"

"ఏడు."

"పాపం కాదూ?"

"ఆయన చేసింది పుణ్యమా అబ్బా?"

అబ్బ చొక్కా నా ఒళ్ళో పెట్టి, "మనిషి ఒళ్ళు ఎట్టా ఉందో దర్జీ చెప్పకపోతే ఇంకెవుడు చెప్తాడే?" అన్నాడు.

"నువ్వు చెప్పబోయావుగా. చేతులు పోయినయ్."

అబ్బ లేచి మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళాడు. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు. ఆ కోపంలో ఆ వారం గుండీల్ని మూడు గింజలు జరిపాను.

వైశాఖం వచ్చింది. మాచర్ల ఎండ మీకు తెలిసిందే, నాపరాళ్ళ నేల, పొద్దున పదింటికే కాళ్ళు కాలుతాయి. ఆయన జట్కా ఎక్కేటప్పుడు ఇద్దరు పట్టుకోవాల్సి వస్తోంది. అరుగు మూడు మెట్లెక్కి ఆయాసం తీర్చుకోవడానికి స్తంభం పట్టుకుంటాడు. ఊళ్ళో వాళ్ళకు కనపడుతూనే ఉంది. మర యజమానితో 'మీరు లావయ్యారు' అని ఎవడంటాడు? అన్నా ఆయన నమ్మడు, చొక్కా అబద్ధం చెప్పదు గదా అనుకుంటాడు. ఆ ఆయాసం కూడా క్షయ లెక్కలోనే వేసుకున్నాడు. ఇంకో సున్నుండ పెంచారు.

ఒక మధ్యాహ్నం కొండమ్మ గారు నన్ను లోపలికి పిలిచి కొంగు ముడి విప్పింది. అందులో తెగిన పట్టు మొలతాడు ఉంది.

"ఈ ఎండాకాలంలో ఇది మూడోది. మనిషి చిక్కితే మొలతాడు జారాలి గందా? తెగుద్దేందే?"

అందరి నోళ్ళూ నా గుండీలతో మూయించాను గాని మొలతాడు సంగతే మరిచాను. అది నా చేతుల మీదుగా పోయేది కాదు.

"ఎండలకి పట్టుదారం పెళుసెక్కుద్దమ్మగారూ."

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "అంతేనంటావా?" అంది. సున్నుండ ఒకటి ఆకులో పెట్టి, మీ అబ్బకివ్వమని నా చేతిలో పెట్టింది. దారిలో దాన్ని కుక్కకు వేశాను.

జర్మనీ ఓడిపోయిందని కబురొచ్చింది. విజయోత్సవ సభకు మళ్ళీ దొర వస్తున్నాడు. ఆ రోజు పొద్దున పదకొండో వారం బట్టలు ఇచ్చి వస్తుంటే మర దగ్గర గోల వినపడింది. "జాన్‌సాయిబుని పిలుచుకురా" అని ఎవరో మా ఇంటివైపు పరుగెత్తారు. నేను అక్కడే ఆగిపోయాను.

సంగతేమిటంటే, తాను చిక్కిపోయాను గనక కోటు ఇప్పుడు పడుతుందని ఆయన అనుకున్నాడు. అంతమంది ముందే పెట్టె తెప్పించి, తన మొలకున్న తాళం చెవితో తీసి, కోటు తొడిగాడు. పోయినసారి గుండీ అందలేదు, అంతే. ఇప్పుడు రెండు అంచుల మధ్య జానెడు ఎడం ఉంది. ఆ ఎండలో, ఆ ఉన్నిలో, చేతులు కదపలేక, చెమటలు కారుతూ నిలబడి ఉన్నాడు.

అబ్బ వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు.

"చూశారా!" అని ఆయన జనంవైపు తిరిగాడు. ఆయాసంతో మాట విరుగుతోంది. "మనిషిని సగమయ్యాను. నా ఆడదాన్నడగండి, చిక్కి చిక్కి... అయినా కోటు పట్టలా! ఎంత గుడ్డ మింగాడో ఈడు!"

పెద్దలు తలలూపారు. నేను పుల్లమ్మ వెనకాల నిలబడి లోపల లెక్క వేసుకుంటున్నాను. ఆ మొహంలో నల్లటి ఎరుపు, ఆ ఊపిరి. ఇంకో రెండు నెలలు చాలు. ఇంకో రెండు నెలలు నేను నోరు మూసుకుని గుండీలు జరిపితే, ఆ పడక్కుర్చీలోనే ఒక మధ్యాహ్నం పోతాడు. ఎవరికీ తెలియదు. ఇప్పుడు మాట్లాడానంటే ఆ మనిషి బతుకుతాడు.

అప్పుడు మా అబ్బ, ఎవరూ చెప్పకుండానే, మెట్లెక్కి కోటు కోసం చేతులెత్తడం మొదలుపెట్టాడు. మళ్ళీ నిలబడమంటారని తెలిసి, తనంతట తానే. చేతులు గుండెల దాకా లేచి ఆగిపోయాయి. ఇంకా ఎత్తబోయి పళ్ళు బిగించాడు.

"అయ్యా, మీరు చిక్కలా" అన్నాను.

జనాన్ని తోసుకుని అరుగు దగ్గరికి వెళ్ళాను.

"మీ చొక్కా గుండీల పక్కన చూసుకోండి. పదకొండు వారాలు, పదకొండు చిల్లులు. మీరు లావయ్యే కొద్దీ నేను జరుపుతా వచ్చాను. మా అబ్బ మింగింది గుడ్డ కాదు. మీరు మింగిందే మీ పొట్టలో ఉంది."

ఆయన గడ్డం వంచి చూసుకున్నాడు. కోటు అంచుల మధ్య నుంచి తెల్ల చొక్కా కనపడుతోంది, దాని మీద సూది చిల్లుల వరస. వేలితో ఒక్కొక్కటీ తడిమాడు. పుల్లమ్మ కిసుక్కున నవ్వింది. వెనకాల ఇంకెవరో నవ్వారు. తర్వాత ఎవరినీ ఆపే దారి లేకపోయింది.

ఆయన చెయ్యెత్తబోయాడు నా మీదికి. కోటు భుజాల దగ్గర పట్టేసి చెయ్యి సగంలోనే ఆగింది, మా అబ్బ చెయ్యి ఆగినట్టే.

"క్షయ కాదా?" మర గుమ్మం లోంచి కొండమ్మ గారి గొంతు వినపడింది. ఆయన్ని సభకు సాగనంపడానికి మర దాకా వచ్చి లోపల నిలబడ్డ మనిషి, అంతమంది మగవాళ్ళ ముందుకు ఎన్నడూ రానిది, తల మీద కొంగు జారినా చూసుకోకుండా వచ్చింది. "మొలతాడు చెప్తానే ఉంది. నేనే నమ్మలా. ఒరే నాయనా, క్షయ కాదు!" అని ఏడుస్తూ నవ్వింది. నన్ను తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు నాకు నచ్చలేదు, విడిపించుకున్నాను.

అబ్బ నన్ను కత్తెర అడిగాడు. మూడు నెలల తర్వాత ఆయన కత్తెర పట్టడం అదే మొదటిసారి. కోటు తీయించి, అరుగు మీద పరిచి, అస్తరు కోసి, నేను వేసిన టాకాలు ఒక్కొక్కటీ తెంపాడు. మడతలు విప్పి నల్ల గుడ్డను పైకి లాగి పెద్దలకు చూపించాడు. ఒక పక్క మూడు వేళ్ళు, రెండో పక్క మూడు వేళ్ళు, వీపున మూడు. 'లోపల ఉంది' అన్న మాట మళ్ళీ అనలేదు. వాళ్ళే ముట్టుకుని చూశారు.

"సభ టయానికి కుట్టిస్తాను. కొలత కావాలి" అన్నాడు.

చెన్నకేశవులు గారు భార్యవైపు చూశాడు. "కొలిపించుకోండి" అంది ఆవిడ. "కొలవకే ఇంత దాకా వచ్చింది."

ఆయన చేతులెత్తి నిలబడ్డాడు. మా అబ్బ నిలబడ్డ రాయి మీదే. ఛాతీ కొలిచాం. నడుముకు ఒక పట్టీ చాలలేదు, ఇంకోటి కలిపి అతికించాను. కత్తెర గాటు పెడుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడు గుర్తొచ్చాడేమో.

మిగిలింది మెడ. ఆయన పొడగరి. అబ్బ పట్టీ పట్టుకున్న చేతులు గుండెల దాకా లేపి, అక్కడ ఆపాడు. ఊరికే ఆగాడు. చెన్నకేశవులు గారికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులానించి, పొట్ట అడ్డం వస్తుంటే ఆయాసపడుతూ, మా అబ్బ ముందు మెడ వంచాడు.

ఊరికే కుట్టాలన్న తీర్పు ఆ సాయంత్రమే రద్దయింది. ఆయన నోటి నుంచి తప్పయిందన్న మాట మాత్రం రాలేదు. కాని ఆ ఇంట్లో మళ్ళీ జొన్నలు విసిరారు. సున్నుండల వాసన పోయింది. తొలకరి పడ్డాక తెల్లవారుజామున ఆయన కర్ర పట్టుకుని చేలకు నడిచి పోవడం నా కళ్ళతో చూశాను. మా అబ్బ తర్వాత ఆరేళ్ళే బతికాడు. చెన్నకేశవులు గారు గట్టిగా ముప్ఫై ఏళ్ళు బతికాడు. ఆ ముప్ఫై ఏళ్ళూ నేనిచ్చినవే. నోరు తెరిచినందుకు ఇప్పటికీ ఒక్కోసారి నన్ను నేను తిట్టుకుంటాను.

అబ్బ ఉన్న ఆరేళ్ళూ, ఉగాదికి మొదటి కొలత చెన్నకేశవులు గారిదే. పిలవకుండానే వచ్చేవాడు. గుమ్మంలో చెప్పులు విడిచి చేతులెత్తేవాడు. ఛాతీ, నడుం అయ్యాక అబ్బ చేతులు ఆగేవి, ఆయన మెడ వంచేవాడు, నేను గాటు పెట్టేదాన్ని. అబ్బ జాలిపడి తొందరగా వదిలేసేవాడు. నేను పట్టీని వెలుతురుకు ఎత్తి, కనుబొమలు ముడిచి, తల అడ్డంగా ఊపేదాన్ని.

"గాటు సరిగా పడలేదబ్బా. మళ్ళీ కొలువు."

ఆయన మళ్ళీ వంగేవాడు.